చెరువు కింద ఉన్న దామాషా బోరు కింద ఎందుకు లేదు?

సంపాదకులు గారికి,

నమస్కారం. కరువు మండలాల ప్రకటన వచ్చిన ప్రతిసారీ మా వైపు ఒకటే చర్చ. మా మండలం జాబితాలో ఉందా, పక్క మండలం ఎలా వచ్చింది, మాది ఎందుకు రాలేదు అని. 2023 ఖరీఫ్‌లో ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించినప్పుడూ ఇంతే. పైరు ఎండాక ఇన్‌పుట్ సబ్సిడీ కోసం ఆ జాబితా కావాల్సిందే, కాదనను. కానీ నేను రాయదలచుకున్నది అంతకు ముందు జరగాల్సిన పని గురించి. నీళ్లు ఇంకా భూమిలో ఉండగానే ఊళ్లో ఎవరికి ఎంత, దేనికి ఎంత అని తేల్చుకునే పని, పాతకాలంలో చెరువు కింద దామాషా పేరుతో చేసుకున్నట్టు. అది మా జిల్లాలో ఏ ఆఫీసూ చేయడం లేదు, చాలా ఊళ్లూ చేయడం లేదు.

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. మాది శ్రీ సత్యసాయి జిల్లా కదిరి ప్రాంతం. నా సర్వీసులో ఎక్కువ భాగం వ్యవసాయ లైన్ల మీదే గడిచింది. భూగర్భజలాల వాళ్లు నీటిమట్టాన్ని మీటర్లలో కొలుస్తారు. నేను దాన్ని మోటారు హార్స్‌పవర్‌లో చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బావి గట్టు మీద 3 హెచ్‌పీ, 5 హెచ్‌పీ మోటార్లు ఉండేవి. బావిలోకి దిగితే నీళ్లు కంటికి కనబడేవి. తర్వాత బావిలోనే బోరు వేశారు. ఆ తర్వాత బావి వదిలేసి చేలో బోరు వేశారు. 200 అడుగులు, 350 అడుగులు అని విన్నవాణ్ణి ఇప్పుడు 800, 1000 అడుగులు అని వింటున్నాను. 5 హెచ్‌పీ ఉన్న చోట 7.5, పదీ, పన్నెండున్నర వచ్చాయి. నాలుగు మోటార్లకని పెట్టిన 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అదే నాలుగు మోటార్లు రెట్టింపు లోడుతో కూర్చుంటే అది కాలకేం చేస్తుంది? ఎండుతున్న పైరు మధ్య నిలబడి రైతు నన్ను తిట్టేవాడు. ఆయన కోపం న్యాయమే. కానీ కాలిపోయింది ట్రాన్స్‌ఫార్మర్ అయినా అయిపోయింది నీళ్లు.

మోటారు పక్కన నిలబడితే నీటి సంగతి తెలిసిపోతుంది. నీళ్లు బాగా ఉన్నప్పుడు ఆంపియర్లు నిలకడగా ఉంటాయి. మట్టం పడిపోయి మోటారు గాలి లాగడం మొదలుపెడితే లోడు తగ్గి ఆంపియర్ల మీటరు ముల్లు కిందికి వస్తుంది. సంక్రాంతి దాటాక ఒక ఊళ్లో మొదటి బోరు అలా గాలి లాగితే, శివరాత్రికి ఆ చుట్టుపక్కల బోర్లన్నీ అదే పని చేస్తాయి. ఎందుకంటే అవన్నీ లాగేది ఒకే నీటిని. మా కింద ఉన్నది గ్రానైటు. పైన కొంత లోతు దాకా చివికిన రాయి, దాని కింద గట్టి బండ, ఆ బండలో అక్కడక్కడా పగుళ్లు. నీళ్లుండేది ఆ చివికిన రాతిలో, ఆ పగుళ్లలో. కింద ఎక్కడో నది పారుతోందని, ఇంకో 200 అడుగులు దింపితే దొరుకుతుందని చాలామంది నమ్ముతారు. ఎక్కువ సార్లు అంత లోతులో తగిలేది కొత్త నీళ్లు కాదు, పక్కవాడి బోరుకు వెళ్లే పగులే. ఒకే కుండలో పదిమంది గొట్టాలు వేసినప్పుడు పొడుగు గొట్టం ఉన్నవాడికి చివరి గుక్క దక్కుతుంది, కుండలోకి కొత్తగా ఒక్క చుక్కా చేరదు.

ఇక్కడ కొన్ని లెక్కలు చెప్పాలి, విసుగనుకోకుండా చదవమని పాఠకుల్ని కోరుతున్నాను. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరంలో పడితే సుమారు 4,000 లీటర్లు. అంటే ఏడాది మొత్తంలో ఎకరం మీద పడేది 22 లక్షల లీటర్లు. మా రకం రాతినేలలో అందులో పదో వంతు లోపలికి ఇంకిందంటే గొప్పే. ప్రభుత్వం భూగర్భజలాలు అంచనా వేసేటప్పుడు గ్రానైటు నేలలకు వాడే ప్రమాణాలు కూడా దానికి కాస్త అటూ ఇటూగానే ఉంటాయి. కాబట్టి మంచి ఏడాదిలో ఎకరం భూమి తన కింద దాచిపెట్టేది 2 లక్షల 20 వేల లీటర్లు. ఇక బోరు కింద ఒక ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే 48 లక్షల లీటర్లు. 22 ఎకరాలు ఏడాదంతా దాచినది ఒక ఎకరం వరి ఒక్క పంటకు తీసుకుంటుంది. మడిలో కట్టిన నీళ్లలో సగం తిరిగి భూమిలోకే ఇంకుతాయని వాదించేవాళ్లున్నారు. సరే, సగం తీసేద్దాం. అప్పుడు కూడా 11 ఎకరాలు. ఊళ్లో పదకొండు ఎకరాలకు ఒక ఎకరం మించి వరి వేస్తే, ఆ ఊరు మిగతా పంటలన్నీ మానేసినా నీటిమట్టం పడిపోవాల్సిందే.

ఇంకో లెక్క నన్ను చాలా కాలంగా బాధపెడుతోంది. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలి. 2,000 మంది ఉన్న ఊరికి ఏడాది పొడవునా అంత ఇవ్వాలంటే 4 కోట్ల లీటర్లు. వరి లెక్కలో చూస్తే అది ఎనిమిదిన్నర ఎకరాల ఒక పంట నీళ్లు. అంటే ఒక ఊరు మొత్తం, పిల్లలూ ముసలివాళ్లతో సహా, ఏడాదంతా తాగి, వండుకుని, స్నానాలు చేసే నీళ్లు ఎనిమిదిన్నర ఎకరాల్లో మూడు నాలుగు నెలల్లో అయిపోతాయి. అయినా ఏప్రిల్‌లో పంచాయతీ బోరు ఎత్తిపోయినప్పుడు మనం కరువు వచ్చిందంటాం. ట్యాంకర్లు పెడతాం. వానలు తక్కువ పడటం నిజమే, అది మన చేతిలో లేదు. పంచాయతీ బోరుకు వాటా తీసి పక్కన పెట్టకపోవడం మాత్రం మన చేతిలోని పనే.

మా తాతల కాలంలో ఇది తెలియని సంగతి కాదు. చెరువు నిండకపోయిన ఏడాది ఆయకట్టు రైతులంతా కూర్చునేవారు. తూము దగ్గర నీళ్లెన్ని ఉన్నాయో చూసి, ఈసారి సగం ఆయకట్టుకే వస్తాయనుకుంటే ఒక్కొక్కరు తమ భూమిలో సగమే నాటేవారు. దాన్నే దామాషా అనేవారు. పదెకరాలున్నాయన కూడా ఐదే నాటాలి, ఎకరమున్నాయన అరెకరం. నీరుగంటి దాని ప్రకారం మడవలు తిప్పేవాడు, ఆయనకు కళ్లంలో గింజలు కొలిచి ఇచ్చేవారు. ఆ పద్ధతిలో అన్యాయాలు లేవని నేను అనను. భూమి లేనివాళ్లకు ఆ పంచాయితీలో మాటే ఉండేది కాదు. కానీ నాటకముందే నీళ్లు చూసి, తక్కువైతే తక్కువను అందరూ పంచుకోవాలన్న నియమం అందులో ఉంది. బోర్లు వచ్చాక ఆ నియమం పోయింది. చెరువు నీళ్లు అందరికీ కనబడేవి. బోరు నీళ్లు కనబడవు, అందుకే ఎవరి భూమి కింద ఉన్నవి వాళ్లవే అనుకుంటున్నాం.

చట్టం కూడా అలాగే ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నీడలో, భూమి ఎవరిదో దాని కింది నీళ్లు తోడుకునే హక్కు వాళ్లదే అన్న పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. దానికి కళ్లెం వేయడానికే 2002లో వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. కొత్త బోరుకు అనుమతి ఉండాలి, రిగ్గు బండ్లకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేరే బోరు వేయకూడదు. కాగితం మీద చాలా మంచి చట్టం. కానీ అది ఒక్కొక్క బోరును చూస్తుంది, ఊరి మొత్తం నీళ్లను చూడదు. ఇప్పటికే ఉన్న ఒక్కొక్క బోరు ఏటా ఎంత తోడాలో అది లెక్క కట్టదు. రాత్రి రిగ్గు బండి వచ్చి తెల్లారేలోగా పని ముగించుకుని పోతే, తెల్లారాక ఆ బోరును మూయించే ధైర్యం ఎవరికుంటుంది? మూడు లక్షలు అప్పు చేసి వేయించుకున్న రైతు ఏడుస్తూ నిలబడితే చట్టం చదివి వినిపించే మనసు నాకైతే రాదు. అందుకే అడ్డుకోవడం రిగ్గు దగ్గర మొదలుకాకూడదు. పంపకం దగ్గర మొదలుకావాలి.

ఇది జరిగే పని కాదని అనేవాళ్లకు మన దగ్గరే జరిగిన ఒక ప్రయత్నం గుర్తు చేస్తాను. 2003 నుంచి కొన్నేళ్లపాటు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600కు పైగా గ్రామాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం ఒకటి నడిచింది. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయం, స్థానిక స్వచ్ఛంద సంస్థల పని. దాన్ని ఏపీఫామ్స్ అనేవారు. రైతులు, అందులో ఆడవాళ్లు కూడా, వానమాపకం చూసి రాసేవారు. బోర్లలో నీటిమట్టం కొలిచేవారు. రబీకి ముందు ఒక వంకకు నీళ్లు చేరే ఊళ్లన్నీ కలిసి కూర్చుని, ఇంకినవెన్ని, వేయబోయే పంటలకు కావలసినవెన్ని అని లెక్క కట్టేవారు. లోటు వస్తే వరి తగ్గించుకోవాలా, మెట్ట పంటలకు పోవాలా అని మాట్లాడుకునేవారు. బలవంతం లేదు, సబ్సిడీ లేదు. చాలా చోట్ల రైతులు నిజంగానే పంటలు మార్చారు. ఊరికి ఊరే ఒప్పందం రాసుకుని బోరు నీళ్లు పంచుకున్న చోట్లు కూడా మా జిల్లాలో ఉన్నాయి. ఆ పథకం ముగిశాక చాలా ఊళ్లలో కొలతలు ఆగిపోయాయి. దాని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, ఆ లెక్కకు ఎప్పుడూ అధికారం ఇవ్వలేదు. లోటు ఉందని తేలిన ఊళ్లో కూడా ఒకాయన నేను వరే వేస్తానంటే ఆపే మార్గం లేదు. అలాంటాయన ఒక్కడుంటే చాలు, తగ్గించుకున్న పదిమందికీ మనసు విరిగిపోతుంది.

మహారాష్ట్రలోని హివ్రే బజార్ గురించి మీ పాఠకులు వినే ఉంటారు. మా కంటే తక్కువ వాన పడే ఊరు. అక్కడ పోపట్‌రావ్ పవార్ నాయకత్వంలో గ్రామసభ ఏటా నీటి లెక్క కడుతుంది. సాగుకు బోరు వేయకూడదని, చెరకు, అరటి లాంటివి వేయకూడదని ఊరే నియమం పెట్టుకుంది. మాట వినే ఊరు, మాట చెల్లే నాయకుడు ఉన్న చోట అది నిలబడింది. ప్రతి ఊరికీ అలాంటి మనిషి దొరకడు. అందుకే మిగతా ఊళ్లకు చట్టం అండ కావాలి. కేంద్రం 2019లో 6,000 కోట్లతో అటల్ భూజల్ యోజన మొదలుపెట్టి ఏడు రాష్ట్రాల్లో పంచాయతీల చేత నీటి భద్రతా ప్రణాళికలు రాయించింది. మన పొరుగున కర్ణాటక, మహారాష్ట్ర అందులో చేరాయి. ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. రైతులతో నీళ్లు కొలిపించి అందరికంటే ముందు దారి చూపిన నేల మనది. ఆ పథకంలో మనం లేకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. కేంద్రం ఇవ్వకపోతే రాష్ట్రాలే ఆ పని చేయాలి.

కరెంటు గురించి నేను మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు? 2004లో ఉచిత విద్యుత్ వచ్చినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. బిల్లు కట్టలేక కనెక్షన్ పోగొట్టుకున్న రైతుల ఇళ్లకు ఆ రోజు ఎంత ఊరట కలిగిందో చూశాను. దాన్ని తీసేయాలని నేను చచ్చినా అనను. ఇంకిన నీళ్లు పాతాళానికి పోయిన నేలలో చిన్న రైతు యూనిట్‌కు డబ్బు కట్టి సాగు చేయలేడు. కానీ ఎంత కరెంటు పోతోందో తెలుసుకోవడం వేరు, దానికి డబ్బు వసూలు చేయడం వేరు. మోటార్లకు మీటర్లు అనగానే రైతుల్లో భయం పుట్టడం సహజం. అయితే ప్రతి మోటారుకూ మీటరు అక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక మీటరు పెడితే చాలు. 300 అడుగుల నుంచి నీళ్లు లాగాలంటే యూనిట్‌కు సుమారు 1,500 లీటర్లు వస్తాయి. 600 అడుగుల నుంచైతే అందులో సగమే. కాబట్టి ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్లు తాగిన యూనిట్లు, బోర్ల సగటు లోతు తెలిస్తే ఆ ఊరు ఎన్ని నీళ్లు తోడిందో ఒక కాగితం మీద లెక్క వేయొచ్చు. ఏ రైతు పేరూ అక్కర్లేదు, ఎవరికీ బిల్లు రాదు. ఎకరం వరికి ప్రభుత్వం 3,000 యూనిట్లకు పైగా కరెంటు ఇస్తోందని కూడా అప్పుడే తెలుస్తుంది. అందులో కొంత డబ్బును వరి మానేసి వేరుశనగ, కొర్ర, కంది, ఉలవ వేసిన ఊరికి ఇస్తే ప్రభుత్వానికీ నష్టం లేదు.

ఆటో స్టార్టర్ల మాట కూడా చెప్పాలి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతట అదే ఆన్ అయ్యేలా పెట్టుకుంటారు. రాత్రీ పగలూ తేడా లేకుండా మడి నిండి పొర్లుతున్నా మోటారు నడుస్తూనే ఉంటుంది. తెలంగాణలో 2018 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు అక్కడి ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల్ని కోరాల్సి వచ్చింది. మా దగ్గర పగటి తొమ్మిది గంటలు నమ్మకంగా ఇస్తే రైతే స్వయంగా చేలో ఉండి చూసుకుంటాడు, ఆ పెట్టెతో పని ఉండదు. నమ్మకం లేనప్పుడే దొరికినంత లాక్కోవాలనిపిస్తుంది.

ఇక హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు జీడిపల్లి, గొల్లపల్లి జలాశయాలు దాటి మా చెర్లోపల్లి జలాశయం దాకా వచ్చాయి. ఆ నీళ్లు చూసిన రోజు మా ఊళ్లలో పండగ. 40 టీఎంసీల పథకం, రాయలసీమలో ఎందరో దశాబ్దాలు కొట్లాడి తెచ్చుకున్నది. ఇప్పుడు ఆ నీళ్లను ఎక్కడికి పంపాలో తేల్చేటప్పుడు కాలువ పక్కన ఎవరి ఊరు ఉంది, ఎవరి నాయకుడు గట్టిగా అడిగాడు అన్నది లెక్కలోకి వస్తోంది. కింద బోర్లు ఎక్కడ ఎక్కువ ఎండాయో చూసి అక్కడి చెరువులు ముందు నింపాలి. చెరువు నిండితే దాని కింది బోర్లు కూడా లేస్తాయని 2021 నవంబరు వానల తర్వాత అందరం చూశాం. కానీ నీటిపారుదల శాఖ దగ్గర కాలువ లెక్క, భూగర్భజల శాఖ దగ్గర పీజోమీటర్ల (నీటిమట్టం కొలవడానికి వేసిన బోర్ల) లెక్క, విద్యుత్ సంస్థల దగ్గర యూనిట్ల లెక్క, గ్రామీణ నీటి సరఫరా వాళ్ల దగ్గర ఎండిన బోర్ల లెక్క, వ్యవసాయ శాఖ దగ్గర పంటల లెక్క. ఈ ఐదూ ఒక బల్ల మీదికి ఎప్పుడూ రావు. జిల్లా స్థాయిలో వీటిని కలిపి, చిత్రావతి, పాపాఘ్ని, మద్దిలేరు లాంటి నదుల పరీవాహకాల వారీగా ఒక ప్రణాళిక రాయించే బాధ్యత ఒకరికి అప్పగించాలి. కృష్ణలో వరద రాని ఏడాది ఏం చేయాలో కూడా అందులో ముందే రాసి ఉండాలి.

నేను కోరేది ఇది. అక్టోబరులో ప్రతి గ్రామసభ ముందు ఆ ఊరి నీటి లెక్క పెట్టాలి. మొదట మనుషుల తాగునీళ్లు, పశువులు, గొర్రెల నీళ్లు పక్కన తీయాలి. పండ్ల తోటలు, చీనీ (బత్తాయి), మామిడి చెట్లు బతకడానికి కావలసింది తర్వాత తీయాలి, ఎందుకంటే పదేళ్లు పెంచిన చెట్టును ఒక ఏడాదిలో పోగొట్టుకుంటే ఆ రైతు మళ్లీ లేవడు. మిగిలినదే రబీ పంటకు, అదీ దామాషాగా. బోరు లేనివాడికీ, కౌలుకు చేసేవాడికీ అందులో మాట ఉండాలి. గ్రామసభ చేసిన తీర్మానానికి వాల్టా చట్టం కింద బలం ఇవ్వాలి. కొత్త బోరు అనుమతి, కొత్త కనెక్షన్, అదనపు లోడు, అన్నీ ఆ తీర్మానం చూసే ఇవ్వాలి. తాగునీటి వాటాకు గండి పడే పంట వేస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు గంటలు తగ్గించే అధికారం కూడా ఊరికే ఉండాలి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. శ్రీశైలం 885 అడుగులకు ఎంత, సాగర్ 590 అడుగులకు ఎంత అని వానాకాలంలో రోజూ వేస్తారు. మా ఇళ్లలో పెద్దవాళ్లు మొదట చూసేది అదే. అలాగే జిల్లా పేజీలో ప్రతి మండలం భూగర్భ నీటిమట్టం నెలకోసారి వేయండి. పీజోమీటర్ల సమాచారం ప్రభుత్వం దగ్గర ఉంది. మండలం పేరు, పోయిన ఏడాది ఇదే నెలలో ఎంత, ఇప్పుడెంత అని మూడు వరుసలు చాలు. రచ్చబండ దగ్గర దాని మీద మాట మొదలైతే గ్రామసభలో లెక్క అడిగేవాళ్లు తయారవుతారు.

ఏ నిర్ణయమైనా అక్టోబరు దాటకముందే జరగాలి. నవంబరు దాటితే నార్లు పోసేస్తారు, ఎరువులకు అప్పులు చేసేస్తారు. ఆ తర్వాత వచ్చి నీళ్లు లేవని చెప్తే ఏ రైతూ వినే స్థితిలో ఉండడు, వినమని అడిగే హక్కు కూడా మనకు ఉండదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత లైన్‌మన్,
కదిరి ప్రాంతం, శ్రీ సత్యసాయి జిల్లా